సుగ్గి ఊరి నాగలత అడిగిన చట్టం

నువ్వు ఇంతదూరం ఎట్లా చదువుకున్నావని ఎవరైనా అడిగితే నాగలత ఒకటే జవాబు చెబుతుంది. "అందరికీ అమ్మానాయన ఆశీర్వాదం. నాకు మా నాయన ఇరిగిన కాలు."

మొదటిసారి విన్నప్పుడు మా క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత అసలు సంగతి చెప్పాక ఎవరికీ నవ్వు రాలేదు.

మంత్రాలయానికీ ఆదోనికీ మధ్యలో రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది ఆమె ఊరు. వాన పడితేనే పైరు. పత్తి, బుడ్డలనే వేరుశనక్కాయలు, కొంచెం జొన్న. పండిందేదో ఇల్లు చేరాక, దీపావళి దాటగానే సగం ఊరు లారీలెక్కి గుంటూరు వైపు పోతుంది, మిరపకాయలు కోయడానికి. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. మళ్లీ ఉగాదికే రావడం. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలిపెట్టాలి? అందుకని వెంట తీసుకుపోతారు. నాగలత కూడా చిన్నప్పుడు ప్రతి ఏడూ అట్లా పోయిందే. దీపావళి దాకా బడి, ఆ తర్వాత మిరప చేను. ఏడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల నాన్న చిన్న ఈరన్న బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడు ఇంట్లో ఎవరూ సుగ్గికి పోలేదు. తిండికి చాలా ఇబ్బంది పడ్డారు. కానీ నాగలత మొట్టమొదటిసారి ఒక తరగతిని మొదలు నుంచి చివరిదాకా చదివింది.

"లెక్కల్లో ముందు పాఠం తెలిస్తే ఎనక పాఠం అర్థమైతాదని నాకు ఆ ఏడే తెలిసింది," అంటుంది. అంతకుముందు తనకు బుర్ర లేదనుకునేదట.

తర్వాత టీచరమ్మ పట్టుబట్టి ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడిలో చేర్పించింది. అక్కడి నుంచి కర్నూలులో డిగ్రీ దాకా వచ్చింది. నాకు ఆమె పరిచయమైంది అక్కడే. నాది జమ్మలమడుగు వైపు, మగ్గాల ఇల్లు.

కిందటేడు ఒక ఆదివారం కడపలో మేమంతా కలిశాం. కర్నూలు, కడప రెండు వైపుల కాలేజీ పిల్లలం. రాష్ట్ర బడ్జెట్ తయారయ్యే ముందే మా ప్రాంతం తరఫున ఏమడగాలో తేల్చుకుని అడుగుదామని ఆలోచన. పిలిచింది మా సీనియర్ సోమశేఖర్. వాడికి ఒక పట్టుదల. పది అడిగితే ఒకటీ రాదు, ఒకటే అడగాలి, అది చట్టంలోకి ఎక్కేదాకా వదలకూడదు అంటాడు. ఒక్కొక్కరం లేచి మా మా కోరికలు చెప్పాం. ఒకరు తాగునీళ్లు, ఒకరు బస్సు, ఒకరు లైబ్రరీ. నేను గుంత మగ్గాల గురించి చెప్పాను. వానాకాలంలో గుంతలో నీళ్లు ఊరి నేత ఆగిపోయే రోజులకు సాయం ఇవ్వాలని. బాగానే చెప్పాననుకున్నాను.

చివర్లో నాగలత లేచింది.

"మీరంతా బడ్జెట్ ఎప్పుడు పెడతారో చెప్పినారు. ఫిబ్రవరి, మార్చి. అప్పుడు మా ఊర్లో ఎవురూ ఉండరు. మాకు దుడ్లు పంచేటప్పుడు మేము మిరప చేన్లో ఉంటాం."

వెనక నుంచి ఎవరో, "దుడ్లు కాదు నాగలతా, నిధులు అనాల," అన్నారు.

"నిధులంటే గుడి కింద తవ్వేటివప్పా. దుడ్లంటే ఖర్సు పెట్టేటివి. మాకు ఖర్సు పెట్టేటివే కావాల."

హాలంతా ఘొల్లుమంది. నవ్వు ఆగేదాకా ఉండి ఆమె అసలు మాట చెప్పింది. తల్లిదండ్రులు సుగ్గికి పోయినప్పుడు పిల్లలు ఊరి బడిలోనే ఉండి తిని పడుకుని చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లని ఉన్నాయి. కాకపోతే వాటికి డబ్బు ఎక్కడో మిగిలితేనే, అదీ సంక్రాంతి దగ్గరపడ్డాకే తెరుస్తారు. అప్పటికి పిల్లలు లారీల్లో ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. ఆమె అడిగింది ఒక్కటే. వలస ఊళ్లన్నిటిలో దసరా సెలవులు అయిపోయిన మరుసటి రోజే హాస్టల్ తెరవాలని చట్టం ఉండాలి. దానికి బడ్జెట్లో సొంత పద్దు ఉండాలి.

నా మగ్గం గుంత వచ్చే ఏటికి ఆగుతుందిలే అనిపించింది. అందరికీ అదే అనిపించినట్టుంది, చేతులన్నీ లేచాయి.

ఆ తర్వాత తిరుగుడు మొదలైంది. ఎమ్మెల్యేల ఇళ్లు, ఆఫీసులు. చూద్దాం అన్నవాళ్లు, రాసివ్వండి అన్నవాళ్లు, ఫోటో దిగి పంపించేసినవాళ్లు. ఒక ఎమ్మెల్యే మాత్రం కూర్చోబెట్టి విన్నాడు. "మంచి మాటే. కానీ మీరు చెబితే చాలదమ్మా. శాసనసభ కమిటీ ఒకటి త్వరలో ఇటువైపు వస్తోంది, బళ్లు, హాస్టళ్లు చూడటానికి. ఒక ఊరు చూపించండి. ఊరి జనం తమ నోటితో చెబితే అది రిపోర్టులోకి ఎక్కుతుంది. రిపోర్టులోకి ఎక్కితే సభలో మాట్లాడటానికి నాకూ దారి ఉంటుంది," అన్నాడు.

"మా ఊరికే తీస్కరండి సార్," అంది నాగలత, ఇంకో ఆలోచన లేకుండా.

ఆ తొందరకు కారణం నాకు తెలుసు. ఇంట్లో ఆమె చెల్లెలు ఉరుకుందమ్మ ఎనిమిదో తరగతి. సుగ్గికి పోయే ఓపిక తగ్గి అవ్వ ఊర్లోనే ఉండిపోయాక, ఇన్నేళ్లూ ఆ పిల్లను ఆమె దగ్గర వదిలి పోయేవాళ్లు. ఆ వేసవిలో అవ్వ చనిపోయింది. అక్క చదివిన హాస్టల్ బడిలో సీటు దొరకలేదు కాబట్టి, ఈసారి ఉరుకుందమ్మ కూడా లారీ ఎక్కాల్సిందే. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వీరభద్ర లారీ, కమిటీ వచ్చే వారంలోనే బయలుదేరుతుంది.

ముందురోజు నేను కూడా నాగలతతో ఆ ఊరికి పోయాను. వాళ్లమ్మ భీమక్క నాకు రొట్టె, ఎర్రకారం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మీ ఊర్లో గూడ ఆడపిల్లలు ఇట్లే ఆపీసులెంబడి తిరుగుతారా?" అంది.

"మా, దాన్నేం అడుగుతావు. ఉరుకుందమ్మ సంగతి చెప్పు," అంది నాగలత.

"ఏం చెప్పల్ల? వయసొచ్చిన పిల్ల. ఇంట్లో ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోయేకి నాకు మనసొస్తాదా? నీ హాస్టలు తెరుస్తే ఇడుస్తా. తెరవకపోతే ఎత్తుకపోతా. నాకేం సంతోషమనుకుంటివా?"

ఉరుకుందమ్మ గడప దగ్గర కూర్చుని సైన్సు పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. తన గురించి మాట్లాడుతున్నట్టే లేదు ఆ పిల్ల ముఖంలో.

సాయంత్రం నాగలత ఇల్లిల్లూ తిరిగింది. "రేపు పెద్ద మేడమ్మోళ్లు వస్తాండారు. సుగ్గికి ఎవరెవరు పోతారో పేర్లన్నీ రాసుకుంటారు. అందరూ ఊర్లోనే ఉండండి." ప్రతి ఇంట్లోనూ తలలూపారు. ఉంటాంలేమ్మా అన్నారు. ఎంత మంచి ఊరు అనుకున్నాను నేను.

పొద్దున చూస్తే ఊరు ఇంకా మంచిగా ఉంది. ప్రతి వాకిట్లో కళ్లాపి, ముగ్గు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. కట్టిపెట్టిన మూటలు ఎక్కడా కనబడలేదు. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని బడి దగ్గరకు వచ్చారు. బడి ముందు నిలబడి ఉండాల్సిన వీరభద్ర లారీ మాత్రం లేదు. ఇంకో ఊరికి పోయిందేమో అంది నాగలత.

కార్లు వచ్చాయి. కమిటీ అధ్యక్షురాలు పెద్దావిడ, మోకాళ్ల నొప్పి అనుకుంటా, మెల్లగా నడిచి వచ్చి వరండాలో కూర్చుంది. పక్కన ఇద్దరు సభ్యులు, ఆ వెనక జిల్లా అధికారులు. పెన్ను తీసి, "చెప్పండమ్మా, మీ ఊళ్లో ఎవరెవరు వలస పోతారు?" అని అడిగింది.

అందరూ ఊరి పెద్ద గోపన్న వైపు చూశారు. ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుని లేచాడు.

"మేము యాడికీ పోము మేడమ్మా. ఈడనే ఉంటాం. ఈడనే సేద్యం సేసుకుంటాం."

"ఎవరూ పోరా?"

"యాడికి పోతాము? ఈడ శానా బాగుండాది."

తలలన్నీ ఊగాయి. అధ్యక్షురాలు ముందు వరసలో ఉన్న భీమక్కను అడిగింది, నువ్వు చెప్పమ్మా అని. భీమక్క కూతురి వైపు చూడనే లేదు. "ఈడనే ఉంటాం మేడమ్మా," అంది నేల చూస్తూ.

నాగలత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చూపు వెంట నేనూ చూశాను. బడి వెనక సర్కారు తుమ్మ కంపలో వీరభద్ర లారీ నిలబడి ఉంది, పైనంతా వేపకొమ్మలు కప్పుకుని, పెళ్లికొడుకులాగా.

నాకు ఒళ్లు మండిపోయింది. నాగలత నెమ్మదిగా, "తప్పు నాదే ప్రణీతా," అంది. "పేర్లు రాసుకుంటారని నేనే చెప్తి."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఎప్పుడో ఒక సర్వే జీపు వచ్చిందట ఆ ఊరికి, సరిగ్గా సుగ్గి రోజుల్లో. తాళాలున్న ఇళ్లన్నీ ఊర్లో లేనట్టు రాసుకుని పోయారట. ఆ తర్వాత సుబ్బక్క అనే ముసలామె పింఛను ఆగింది. ఇంకొందరికి రేషన్ బియ్యం ఆగాయి. అది ఆ సర్వే వల్లో, ఇంకెందువల్లో ఊరికి తెలీదు. అప్పటి నుంచి గవర్నమెంటు బోర్డున్న ఏ బండి వచ్చినా ఊరంతా ఒకటే మాట. చిన్న పిల్లలకు కూడా నేర్పించారు. నాగలతకు కూడా వాళ్లమ్మ నేర్పించింది. ఎవరడిగినా ఈడనే ఉంటాం సార్ అనాల, తెలిసిందా అని. హాస్టల్లో, కాలేజీలో ఇన్నేళ్లు ఉండి ఆమె అది మరిచిపోయింది. కాలేజీలో పేరు రాసుకున్నారంటే మనం లెక్కలోకి వచ్చినట్టు. ఆ ఊర్లో పేరు రాసుకున్నారంటే దొరికిపోయినట్టు.

ఒక సభ్యుడు గడియారం చూసుకున్నాడు. "వలసే లేని ఊరికి హాస్టలెందుకండీ? పదండి, ఇంకా రెండు చోట్లకు పోవాలి." అధ్యక్షురాలు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

వేలెత్తి లారీని చూపిస్తే చాలు. నాగలత చూపించలేదు. లేచి నిలబడింది.

"మేడమ్, ఊరోళ్ల సంగతి ఊరోళ్లు చెప్పినారు. నా సంగతి నేను చెప్తా. నేను సుగ్గికి పోయినా. ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా ప్రతి ఏడూ పోయినా. నా పేరు రాసుకోండి. నాగలత. తండ్రి చిన్న ఈరన్న."

అధ్యక్షురాలు మళ్లీ కూర్చుంది. పెన్ను కాగితం మీద పెట్టిందో లేదో, భీమక్క కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చేసింది.

"రాయొద్దు మేడమ్మా! దాని పేరు రాయొద్దు. కార్డులో పేరు పీకేస్తారు, దాని స్కాలర్‌షిప్ పోతాది. అది యాడ పోయింది? నేను ఎత్తుకపోతే వచ్చింది. సంకనేసుకోని నేనే ఎత్తుకపోయినా. శిన్నపిల్ల, దానిదేం తప్పుండాది? రాస్తే నా పేరు రాసుకో. భీమక్క. ఊ, రాసుకో!"

"ఏమే, ఏం మాట్లాడతాండావో తెలుస్తాందా నీకు?" అన్నాడు చిన్న ఈరన్న వెనక నుంచి.

"తెలుస్తాంది. నువ్వు గమ్మునుండు."

అధ్యక్షురాలు పెన్నుకు మూత పెట్టి, పక్కనున్న అధికారులను కూడా పెన్నులు జేబులో పెట్టుకోమంది.

"ఎవరి పేరూ రాయనమ్మా. ఊరికే చెప్పు. ఎప్పుడు పోతున్నారు?"

"రేపు," అంది భీమక్క. అని, అప్పుడు గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"లారీ ఎక్కడ?"

గోపన్నే తల గోక్కుంటూ, "కంపలో పెట్టినాం మేడమ్మా," అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుతో జనం కూడా నవ్వారు. ఆ తర్వాత ఒక్కరు కాదు, అందరూ ఒకేసారి మాట్లాడారు. చేన్లో టార్పాలిన్ పట్టా కింద పడుకునే సంగతి, పిల్లల కళ్లలో మిరప ఘాటు, తిరిగొచ్చాక మళ్లీ బడికి పోనంటారని, సుబ్బక్క పింఛను.

పోయేముందు ఆమె ఒక మాట చెప్పింది. "మీ బియ్యం, పింఛను ఆగవని నేనిక్కడ నిలబడి మాటివ్వలేను. అది నా చేతుల్లో లేదు. పేర్లు లేకుండా ఈ భయం గురించి మాత్రం రిపోర్టులో రాస్తాను." ఆ ఊరి బడిలో హాస్టల్ వారంలో తెరిపించమని జిల్లా అధికారికి అక్కడికక్కడే చెప్పింది.

కార్లు పోయాక నేను ఎగిరి గంతేయబోయాను. నాగలత మాత్రం బడి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"మనం తప్పు అడుగుతాన్నాం ప్రణీతా."

"హాస్టల్ వచ్చింది కదే!"

"మేడమ్ వచ్చింది కాబట్టి వచ్చింది. మనం అడిగిన చట్టం వచ్చినా రేపు ఏ ఊర్లో అడిగినా ఎవురూ పోము అనే అంటారు. వలస లేదని రాసుకోని పోతారు. ఇంగ హాస్టల్ ఎవరికి తెరుస్తారు?"

సోమశేఖర్‌కు ఫోన్ చేసింది. సుగ్గికి పోయినవాళ్ల పేరు కార్డులోంచీ పింఛను లోంచీ తీయకూడదన్నది మొదట ఉండాలని, హాస్టల్ దాని తర్వాతే అని చెప్పింది. ఒకటే అడుగుదామన్నాం కదా అని వాడు గునిశాడు. "ఒకటే కదప్పా," అంది నాగలత. "మొదటిది లేకపోతే రెండోది అడిగేకి మనిషే నోరు తెరవడు." చివరికి వాడు, సరే మళ్లీ రాద్దాం అన్నాడు.

మరునాడు పొద్దున వీరభద్ర కొమ్మలు దులిపి లారీని బడి ముందుకు తెచ్చి హారన్ కొట్టాడు. మూటలు, గిన్నెలు, కోళ్లు, పిల్లలు ఎక్కుతున్నారు. హాస్టల్ తెరుస్తారన్న మాట నమ్మి పిల్లల్ని దించినవాళ్లు ఒకరిద్దరే. మిగతావాళ్లు నమ్మలేదు. వాళ్లను ఏమనగలం?

"ఏమక్కా, ఎక్కు," అన్నాడు వీరభద్ర భీమక్కతో.

"నేను ఇప్పుడే రానప్పా. పిల్లని యాడ పెట్టి రావాల?"

"హాస్టల్ ఇచ్చినారంట కదా."

"ఇచ్చినారంట. అంట. ఆ హాస్టల్లో అన్నం ఉడికింది నా కంటితో సూసినాకనే వస్తా. బస్సుకు వస్తాం మేమిద్దరం. మాకు రెండు సాళ్లు పెట్టు."

"సేను నీ కోసరం కాసుకోనుంటాదా అక్కా?"

"కాసుకోకపోతే ఇంగో సేను. మిరక్కాయలకేం కరువా ఆ దేశంలో?"

వీరభద్ర తల కొట్టుకుంటూ లారీ ఎక్కాడు.

ఆ వారం గడిచింది. హాస్టల్ తెరవలేదు. బియ్యం రాలేదన్నారు, వంటమనిషిని పెట్టలేదన్నారు. భీమక్క, చిన్న ఈరన్న ఊర్లో ఖాళీగా కూర్చున్నారు. ఖాళీగా కూర్చోవడం భీమక్కకు చేతకాదు. రోజూ కూతురికి ఫోన్ చేసి, "ఏమే, యాడ నీ మేడమ్?" అని మొదలుపెట్టేది. నాగలత కర్నూలులో ఆఫీసు వరండాలోనే నోట్స్ చదువుకునేది. పక్కన కొన్ని రోజులు నేను, కొన్ని రోజులు సోమశేఖర్. మమ్మల్ని చూసి చూసి అటెండరు టీ ఇప్పించడం మొదలుపెట్టాడు. రెండో వారం సగంలో కాగితం కదిలింది.

అన్నం వండిన రోజు నేనూ నాగలతా ఊళ్లోనే ఉన్నాం. భీమక్క అందరికంటే ముందు బడికి చేరుకుని, మూత తీసి, ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి, నోట్లో వేసుకుంది.

"రొంత పలుకుండాది," అంది వంటామెతో. "ఇంగ రొంచేపు మగ్గనీ తల్లీ, పిల్లోళ్లకు కడుపునొస్తాది." తర్వాత పడుకునే గది చూసింది, గడియ వేసి తీసి చూసింది, బాత్రూంలో కొళాయి తిప్పింది.

ఉరుకుందమ్మకు స్నేహితుల ముందు తల తీసేసినట్టయింది. "మా, నువ్వు పో మా. బస్సు పోతాది," అంది.

"పోతాలేవే. తరుముతాండావా?" అంటూ భీమక్క ఆ పిల్ల జడ విప్పి, మళ్లీ బిగించి అల్లింది.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. చిన్న ఈరన్న మూట మీద కూర్చున్నాడు. భీమక్క ఉన్నట్టుండి అంది.

"మీ సిన్నమ్మోళ్ల ఊర్లో హాస్టల్ లేదు. దాని ఇద్దరు పిల్లోళ్లని మొన్ననే లారీలో ఎక్కించుకోని పోయినారు."

"తెలుసు మా."

"మన ఊరికైతే పెద్ద మేడమ్ వచ్చింది కాబట్టి ఇచ్చినారు. ఆ ఊరికి ఎవురొస్తారు?"

"దానికే కదా మా చట్టం అడుగుతాండేది. ఎవురూ రాకపోయినా తెరిసేటట్టు. పోయినోళ్ల పేరు ఎవురూ తీసేయకుండా."

భీమక్క కూతురి ముఖంలోకి చూసింది. "అట్లనా? మరి అది ముందే సెప్పొచ్చు కదే. ఇన్నాళ్లూ నీ సెల్లెలి కోసరం తిరుగుతాండావనుకుంటి."

"మొదట్లో దాని కోసరమే తిరిగినా," అంది నాగలత.

ఆదోని బస్సు వచ్చింది. మూట ముందు ఎక్కింది, తర్వాత చిన్న ఈరన్న, చివర భీమక్క. కండక్టర్ రైట్ రైట్ అంటున్నా ఆమె కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది.

"మల్ల వాళ్లు అడిగేకి వస్తే నాకు ఫోన్ సెయ్యి. సేన్లో నుంచే మాట్లాడతా. పేరు గూడ సెప్తా!"

బస్సులో ఎవరో నవ్వారు. చిన్న ఈరన్న ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగాడు.